ఎర్ర ఏగాని: కరువు సీమలో చిల్లర పద్దు

అనంతపురం వైపు ఏ సంతలో బేరం విన్నా "దుడ్లు" అన్న మాట చెవిన పడుతుంది. కోస్తావాళ్లకు డబ్బు, కడప, చిత్తూరు జిల్లాల్లో చాలామందికి "లెక్క", మాకేమో దుడ్లు. కన్నడం పక్కనే ఉంది కనుక మాట అటూ ఇటూ తిరిగింది. ఈ దుడ్డు ఒకప్పుడు ధనమంతటికీ పేరు కాదు. అదొక రాగి బిళ్ళ. మద్రాసు కుంపిణీ లెక్కల్లో దుడ్డంటే పది కాసులు, డబ్బంటే ఇరవై కాసులు. బంగారు వరహా సామెతల్లోకి, కథల్లోకి వెళ్లిపోయింది. కాసు ఆడవాళ్ల మెడలో పేరుగా మిగిలింది. రోజువారీ సొమ్ముకు పేరుగా నిలిచినవి మాత్రం చేతులు మారీ మారీ అరిగిపోయిన ఆ రెండు రాగి బిళ్ళలే. చేతిలో ఏమీ లేదని చెప్పాలంటే మనవాళ్లు "ఎర్ర ఏగాని లేదు" అంటారు. ఆ ఎరుపు రాగి రంగు. ఇంకా దిగజారితే చిల్లిగవ్వ.

భాష ఇంత గట్టిగా గుర్తుపెట్టుకున్న రాగి బిళ్ళను చరిత్రకారులు అంతగా పట్టించుకోలేదు. దక్షిణాది నాణేల మీద పని తక్కువేమీ జరగలేదు. వాల్టర్ ఇలియట్ పుస్తకం 1886 నాటిది. హుల్ట్జ్ విజయనగర నాణేల లిపిని విప్పి చదివాడు. ఎడ్గర్ థర్స్టన్ 1890లో కుంపిణీ నాణేల చరిత్ర రాశాడు. హైదరు, టిప్పుల నాణేల మీద హెండర్సన్ గ్రంథం 1921లో వచ్చింది. ఇవన్నీ చదివితే ఏ రాజు పేరుంది, ఏ దేవుడి బొమ్మ ఉంది, బరువెంత అన్నవి బాగా తెలుస్తాయి. చిల్లర ఎందుకు ఎప్పుడూ చాలలేదు, ఆ కొరత ఖర్చు ఎవరి నెత్తిన పడింది అన్న ప్రశ్నకు జవాబు అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్కగా ఏరుకోవాల్సిందే. ఈ వ్యాసం పని ఆ ఏరుకోవడమే.

1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ నాణేల పట్టిక ఒకటి రాసిపెట్టాడు. వరహాలో సగం ప్రతాపం. ప్రతాపంలో పదో వంతు పణం. ఈ మూడూ బంగారువి. పణంలో ఆరో వంతు వెండి తార. తారలో మూడో వంతు రాగి జీతల్. గుణించి చూస్తే ఒక వరహాకు 360 రాగి బిళ్ళలు. కాగితం మీద చక్కటి నిచ్చెన. ఎక్కి దిగేవాడికి మాత్రం మధ్య మెట్లు వదులు. వెండి తార ఈనాడు దొరకడమే అరుదు. బంగారు పణం అర గ్రాముకు కూడా తూగదు. పొలం పని చేసి మొద్దుబారిన వేళ్లతో దాన్ని నేలమీంచి తీయడమే కష్టం. కేరళలో ఇలాంటి పణాలు లెక్కపెట్టడానికి గుంటలు చెక్కిన చెక్కపలకలు వాడేవారు. పలక మీద గుప్పెడు పోసి, కదిపి, మిగిలినవి తోసేస్తే గుంటకొకటి చొప్పున లెక్క తేలిపోతుంది. అంత చిన్నదైనా పణం పేదవాడి నాణెం కాదు. ఉప్పు, ఆకు, వక్క, పొగాకు కొనడానికి కావలసింది జీతల్, అంటే మన కాసు.

విజయనగర రాగి నాణేల మీద నంది, ఏనుగు, గరుడుడు, హనుమంతుడు కనిపిస్తారు. రెండో దేవరాయల కాలపు కొన్ని బిళ్ళల మీద "నీలకంఠ" అన్న పేరుంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుగొండకు మారింది. అప్పటిదాకా కొండకోట కింద ఊరుగా ఉన్న చోట ఒక రాజ్యపు కచేరీ దిగింది. 1592 నాటికి అది చంద్రగిరికి తరలిపోయింది. సరిగ్గా ఈ సడలిన కాలంలోనే రాగి నాణేల రకాలు పెరిగాయి. దేవుడి బొమ్మ చిన్నదైంది, అచ్చు మొరటుదైంది, పేరు చెరిగిపోయింది. రాజు బలహీనపడితే బంగారం కల్తీ అవుతుందని అంటారు. ఇక్కడ బంగారం నిలబడింది, రాగే చెదిరిపోయింది. నాకు అందులో వింతేమీ కనిపించదు. వరహా దూరదేశపు వర్తకుడి చేతికి వెళ్లే సరుకు, దాని పరువు రాజు పరువు. రాగి బిళ్ళ పది కోసుల ఆవల చెల్లకపోయినా అడిగేవాడు లేడు.

ఆ చెదిరిన రకాల్లో ఒకటి మైసూరు ఒడెయర్లదని చెప్పే గళ్ల కాసు. ఒకవైపు అడ్డంగా నిలువుగా గీతలు, వాటి మధ్య చుక్కలు. మరోవైపు కన్నడ అంకె, ఒకటి నుంచి ముప్పై పైచిలుకు దాకా. అది రాజు పాలించిన ఏడా, టంకశాల గుర్తా, నెలలో రోజా అన్నది పండితులు ఇంకా తేల్చలేదు. హిందూపురం, మడకశిర వంటి మైసూరు అంచు ఊళ్లలో ఈ కాసులను వాడినవాళ్లకు ఆ చర్చతో పని లేదు. అంకె ఏదైనా కాసు కాసే.

అదే మైసూరులో కంఠీరవ నరసరాజ ఒడెయరు (1638–59) బంగారు పణాలు అచ్చువేయించాడు. పది కంఠీరవ పణాలు ఒక కంఠీరవ వరహా. ఆ వరహా నిజానికి ఎక్కడా లేదు, లెక్కల పుస్తకంలో ఉండే పేరు మాత్రమే. పద్దు ఒక నాణెంలో, చేతిలో మరొకటి, సంచిలో ఇంకొకటి. ఈ మూడింటి మధ్య సందులోనే చిల్లర పద్దు దాగి ఉంది.

కాసేపు దూరం పోయి చూడాలి. సరిగ్గా ఆ శతాబ్దంలోనే జర్మన్ నేల మీద ఇదే రోగం వేరే రూపంలో వచ్చింది. ఆగ్స్‌బర్గ్, న్యూరెంబర్గ్ లాంటి స్వతంత్ర నగరాలు, చిన్నాచితకా ప్రభువులు, మఠాధిపతులు ఎవరి టంకశాల వాళ్లే నడిపేవారు. పెద్ద వెండి నాణెం థాలర్. చిన్నవి క్రూజర్, ఫెనిగ్, హెల్లర్. అరవై క్రూజర్లు ఒక గుల్డెన్. హెల్లర్‌కు ఆ పేరు ష్వేబిష్ హాల్ అనే ఊరి టంకశాల వల్ల వచ్చింది. పెద్ద నాణెం కొట్టినా చిన్న నాణెం కొట్టినా సుత్తి దెబ్బ ఒకటే, కూలి ఒకటే. అలాంటప్పుడు ఒక థాలర్ విలువకు సరిపడా హెల్లర్లు కొట్టాలంటే వందల దెబ్బలు. సరైన వెండి వేసి చిల్లర కొడితే టంకశాలకు నష్టం. కనుక వెండిలో రాగి కలిపారు. ముప్పై ఏళ్ల యుద్ధం మొదలై ప్రభువులకు సైన్యం ఖర్చు మీద పడ్డాక వెండి పేరుకే మిగిలింది. 1619 నుంచి 1623 దాకా సాగిన ఆ కాలాన్ని జర్మన్లు కిప్పర్ ఉండ్ విప్పర్ అంటారు. త్రాసును వంచి, ఊపి మోసం చేసిన కాలమని అర్థం. ఒకటిన్నర గుల్డెన్లు పలికే థాలర్ 1622 నాటికి దక్షిణ జర్మనీలో పది గుల్డెన్లకు ఎగబాకింది. కూలి తీసుకున్న చిల్లరకు రొట్టె రాలేదు. 1623లో పాత ధరకే మళ్లీ కట్టేశారు. అంతలో చేతిలో చెడ్డ చిల్లర ఉన్నవాడు మునిగిపోయాడు.

ఆర్థిక చరిత్రకారుడు కార్లో చిపొల్లా దీనికి చిల్లర డబ్బుకు వచ్చిన పెద్ద సమస్య అని పేరు పెట్టాడు. సార్జెంట్, వెల్డే అనే ఇద్దరు 2002లో ఆ పేరుతోనే పుస్తకం రాశారు. వాళ్ల వాదన స్థూలంగా ఇది: చిల్లర తన లోహపు విలువతో నిలబడాలని చూసినంత కాలం కొరతో కల్తీయో తప్పదు. పెద్ద నాణేనికి బదులిస్తామన్న ప్రభుత్వపు హామీతో నిలబడే బిళ్ళ కావాలి. ఆ పరిష్కారం యూరప్‌లో పందొమ్మిదో శతాబ్దం దాకా కుదరలేదు.

మన సీమను ఆ వాదన పక్కన పెడితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. జర్మన్ నగరం చిల్లరను చట్టంతో పెద్ద నాణేనికి ముడివేసి, ఆ ముడి చాటున కల్తీ చేసింది. దక్కను పాలకులు ముడే వేయలేదు. రాగి రాగి ధరకు పోయేది. వరహాకు ఎన్ని కాసులు, రూపాయికి ఎన్ని డబ్బులు అన్నది బజారును బట్టి, నెలను బట్టి, ఊరిని బట్టి మారేది. రాజు మోసం చేయలేదని సంతోషించాలేమో. కానీ ముడి లేని చోట ఆ ముడి వేసేవాడొకడు కూర్చున్నాడు. అతనే షరాబు. ఊళ్లో నాణెం మంచిదో చెడ్డదో చూసేవాణ్ని నోటగాడు అనేవారు. ఆయగాళ్లలో కంసాలిని లెక్కేసే చోట్ల ఈ పరీక్ష అతని పని. ఒరిపిడి రాయి మీద గీసి, గీటు రంగు చూసి, గోటి మీద మోగించి, ఇది చెల్లుతుంది, ఇది చెల్లదు, దీనికి ఇంత బట్టా అని తీర్పు చెప్పేవాడు. బట్టా అంటే ఒక నాణేన్ని మరో నాణెంగా మార్చినందుకు కోసే కోత.

ఈ కోత ఎవరికి ఎక్కువ తగిలేదో చూడాలి. పెద్ద రైతు పంట అమ్మి వరహాల్లో సొమ్ము తీసుకుంటాడు, శిస్తు వరహాల్లో కడతాడు. అతనికి మార్పిడి ఒక్కసారే. మగ్గం నేసేవాడు, గానుగ ఆడించేవాడు, గొర్రెలు కాసేవాడు సంపాదించేది కాసుల్లో. పన్ను మాత్రం పణాల్లోనో వరహాల్లోనో. కాసులన్నీ మూటగట్టి తీసుకెళ్తే శిస్తు కాలంలో అందరూ పణాల కోసమే ఎగబడుతుంటారు కనుక పణం ధర పెరిగి ఉంటుంది. కోత మీద కోత. ఊరి కూలీకి ఈ బాధ కొంత తక్కువ. అతనికి కూలి సేర్లలో, బళ్ళల్లో కొలిచిన గింజలు. జొన్నో, కొర్రో, రాగులో. ఈ సీమలో రాగి అన్న మాటకు రెండర్థాలు. రాగి సంగటి తిన్నవాడికి రాగి బిళ్ళ అవసరం అంతగా పడలేదు, గింజ ఉన్నంత కాలం.

గింజ లేని ఏడు ఏమవుతుందన్నది తర్వాత. ముందు గుత్తి కోటకు వెళ్లాలి. చిల్లర కథలో మన ప్రాంతం పేరు నాణెం మీదే ఎక్కిన చోటు అది.

గుత్తి మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే ఏలుబడిలో ఉన్నప్పుడే నాణేలు కొట్టిన ఊరు. 1776లో హైదరాలీ ముట్టడికి కోట లొంగింది. టిప్పు వచ్చాక ఊళ్ల పేర్లు మార్చాడు. గుర్రంకొండ జఫరాబాద్ అయింది, గుత్తి ఫైజ్ హిసార్ అయింది. అంటే కటాక్షపు కోట. కొండమీద చుక్క నీటికి కటకటలాడే కోటకు ఆ పేరు పెట్టినవాడికి హాస్యం తెలుసో లేదో గానీ, ఫైజ్ హిసార్ టంకశాల నుంచి రాగి పైసలు మాత్రం దండిగా వచ్చాయి. ఒకవైపు ఏనుగు, ఒక్కోసారి కుడికి, ఒక్కోసారి ఎడమకు తిరిగి. మరోవైపు పారశీ లిపిలో టంకశాల పేరు. పైస బరువు పదకొండు గ్రాములకు అటూ ఇటూ.

టిప్పు తన నాణేలకు పేర్లు పెట్టుకున్నాడు. పైస జొహ్రా, అంటే శుక్రుడు. అర పైస బహ్రామ్, కుజుడు. పావు పైస అఖ్తర్, నక్షత్రం. అందులో సగం కుత్బ్, ధ్రువతార. రెండు పైసల పెద్ద బిళ్ళకు మొదట ఉస్మానీ అనీ తర్వాత ముష్తరీ, గురుడనీ పేర్లు. పైసలో ఎనిమిదో వంతు దాకా రాగిని ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ పేరు పెట్టి, ఏనుగును అచ్చు వేయించిన పాలకుడు ఈ ప్రాంతంలో అంతకుముందు మరొకడు నాకు కనబడడు. ఆయన కొత్త మౌలూదీ శకం అంకెలు కుడి నుంచి ఎడమకు రాసి ఉంటాయి కనుక తెలియనివాళ్లు సంవత్సరాన్ని తిరగేసి చదువుతారు. ఆ పంచాంగం చాంద్రసౌరమానం. మన అరవై సంవత్సరాల చక్రంతో జతకట్టినది. చదువు రాని రైతుకు పారశీ అక్షరం అర్థం కాకపోయినా, ఏనుగు అర్థమవుతుంది.

ఏనుగు గురించి ఒక పిట్టకథ. 1911లో అయిదో జార్జి రూపాయి మీద రాజు వస్త్రంపై ఏనుగు బొమ్మ పొట్టిగా పడి పందిలా ఉందని దేశమంతా గోల లేచింది. ప్రభుత్వం ఆ రూపాయిని మార్చాల్సి వచ్చింది. జనం నాణెం మీద అక్షరం కన్నా బొమ్మను చూస్తారనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

టిప్పు 1799లో పడ్డాడు. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి దత్తం చేశాడు. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడున్నాడు. ఆయన రైత్వారీ గురించి చాలామంది రాశారు. చిల్లర వైపు నుంచి చూస్తే దాని అర్థం ఒకటే: ఊరంతటికీ కలిపి రెడ్డి కట్టే శిస్తు పోయి, ప్రతి పట్టాదారూ కిస్తు కిస్తుకూ తన చేత్తో రొక్కం కట్టాలి. సొమ్ము అవసరం ఊరి చావడి నుంచి ప్రతి ఇంటి గడపకు దిగింది. ఆ గడప దగ్గర ఏ రకం నాణెం దొరుకుతుందో దాన్ని ఖజానా ఒప్పుకునే నాణెంగా మార్చుకునే భారమూ దానితో పాటే దిగింది.

కుంపిణీ లెక్క ప్రకారం ఎనభై కాసులు ఒక పణం, నలభై రెండు పణాలు ఒక స్టార్ వరహా. ఎనభైని నలభై రెండుతో నోటిలెక్కగా గుణించమంటే కరణం కూడా ఒక్క క్షణం ఆగుతాడు. రాగి కొరత తీర్చడానికి కుంపిణీ ఇంగ్లాండులో ఆవిరి యంత్రాల మీద నాణేలు కొట్టించింది. బర్మింగ్‌హామ్ సోహో టంకశాల నుంచి 1803లో ఒకటి, అయిదు, పది, ఇరవై కాసుల బిళ్ళలు ఓడల్లో వచ్చాయి. ఇరవై కాసుల బిళ్ళ మీద ఒకవైపు కుంపిణీ అధికార చిహ్నం, మరోవైపు "ఇరవై కాసులు నాలుగు ఫలూసులు" అని పారశీలో రాసి ఉంటుంది. నాణెం తన మారకపు ధరను తన ఒంటిమీదే రాసుకున్నదన్నమాట, వాడేవాళ్లలో చాలామందికి రాని భాషలో. 1808 నాటి సరుకు మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లాండు తీరం దాటకముందే గుడ్విన్ ఇసుక దిబ్బల మీద మునిగిపోయింది. 1980లలో గజ ఈతగాళ్లు లక్షల కొద్దీ కాసుల బిళ్ళలు పైకి తీశారు. ఇక్కడి సంతల్లో అరిగిపోవలసిన ఇరవై కాసులు ఈనాడు ప్రపంచమంతా నాణేల దుకాణాల్లో కొత్త మెరుపుతో దొరుకుతున్నాయంటే కారణం అదే.

1807 ప్రాంతంలో మద్రాసు టంకశాల కొట్టిన వెండి అర వరహా, పావు వరహాల మీద గోపురం, కమలంలో విష్ణువు, ఇంగ్లీషు, పారశీ, తమిళం, తెలుగు, నాలుగు భాషలు కిక్కిరిసి ఉంటాయి. చేతికి అందమైన వస్తువు. 1818లో మద్రాసు వరహాను వదిలి వెండి రూపాయిని లెక్కకు తీసుకుంది. వరహాకు మూడున్నర రూపాయలు. తర్వాత 1835 చట్టం దేశమంతటికీ ఒకే రూపాయి పెట్టింది: పదహారు అణాలు, అరవై నాలుగు పైసలు, నూట తొంభై రెండు పైలు. రాగి ధర పెరిగినా తగ్గినా పైస పైసే. మైసూరు సంస్థానం తన ఏనుగు, శార్దూల కాసులను 1843 దాకా కొట్టుకుంది, అవి అంచు ఊళ్లలోకి రావడమూ మానలేదు.

కుంపిణీని మెచ్చుకోవడం నాకు అలవాటు లేదు. కానీ ఈ ఒక్క విషయంలో షరాబు కోతలో పెద్ద భాగాన్ని కొట్టేసింది 1835 చట్టమే. పేదవాడి రాగి మొదటిసారి ధనవంతుడి వెండితో చట్టబద్ధంగా ముడిపడింది. జర్మన్ నగరాలు ముడివేసి చెడగొట్టిన పని ఇక్కడ చెడలేదు. కారణం దయ కాదు. రాగి నాణెం మీద మిగిలే లాభం సర్కారుదే, ఇక వేరే టంకశాలలు పోటీకి లేవు.

ముడి పడినంత మాత్రాన చేతికి బిళ్ళ రాదు. సాలుకు 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, అదీ వేళకు రాని నేల ఇది. 1876–78 కరువులో, అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలో భాగంగా ఉన్నప్పుడు, గింజ కూలి ఒక్కసారిగా ఆగిపోయింది. అంతకాలం నాణెం లేకుండా బతికిన ఇల్లు నాణెంతో గింజ కొనాల్సి వచ్చింది. ఇంట్లో ఉన్న వెండి, రాగి చెంబు, ఇత్తడి బిందె అమ్మకానికి వెళ్లాయి. అందరూ అమ్మేవాళ్లే కనుక వాటి ధర పడిపోయింది. కొనాల్సిన జొన్న ధర ఎక్కడికో పోయింది. ఆ ఏళ్లలో కరువు సీమల వెండి నగలు బొంబాయి టంకశాల మూసల్లో కరిగి రూపాయలయ్యాయి. సర్ రిచర్డ్ టెంపుల్ పెట్టిన సహాయ పనుల కూలి రోజుకు పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర. ఉప్పు, మిరపకాయ, కట్టెలు ఆ చిల్లరతోనే. ఈ సీమలో చిల్లరకు గిరాకీ పెరిగేది పంట పండిన ఏడు కాదు, ఎండిన ఏడు. నాణేల చరిత్ర రాసినవాళ్లు ఈ తలకిందుల లెక్క మీద దృష్టి పెట్టలేదు. నా మటుకు నాకు మొత్తం ప్రశ్నలో ముఖ్యమైనది అదే.

తర్వాతి కథ అందరికీ తెలిసినదే, త్వరగా దాటేస్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో లోహం కరవై 1943లో మధ్యలో చిల్లు పెట్టిన పైస వచ్చింది. మొలతాడుకు కట్టుకోవడానికీ, మరలకు వాషరుగా బిగించడానికీ పనికొచ్చిందని పెద్దవాళ్లు చెప్పేవారు. చిల్లుకాని అన్న తిట్టు మాత్రం ఇంకా నిలిచే ఉంది. 1957 ఏప్రిల్ 1న నయా పైస వచ్చింది. అణాకు ఆరుంబావు నయా పైసలు కావాలి, ఆ పావు నాణెం లేదు. ఒక అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది అని సర్కారు పట్టిక ఇచ్చింది. మూడు విడి అణాలు మార్చినవాడికి పద్దెనిమిదే. షరాబు లేకుండానే బట్టా మళ్లీ వచ్చింది. 2011 జూన్ 30తో పావలా, దాని కింది నాణేలన్నీ చెల్లకుండా పోయాయి. పావలా కోడికి ముప్పావలా మసాలా అన్న సామెతకు ఇప్పటి పిల్లలకు టీక చెప్పాలి.

పావలా పోయాక రూపాయి చిల్లర అయింది, అదీ దొరకదు. బస్సులో టికెట్టు వెనక రాసిచ్చిన నాలుగు రూపాయలు దిగేటప్పుడు అడగడం మరిచి ఎన్నిసార్లు దిగిపోయానో లెక్కలేదు. అంగట్లో చిల్లరకు బదులు చాక్లెట్ చేతిలో పెడతారు. ఇక పది రూపాయల బిళ్ళ. పద్నాలుగు రకాల అచ్చులూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో చెప్పినా, మన ఊళ్లలో చాలా అంగళ్లు ఏళ్ల తరబడి తీసుకోలేదు. చట్టం ఒప్పుకున్న నాణేన్ని బజారు కాదనడం గళ్ల కాసుల కాలంలో విడ్డూరం కాదు. నోటగాడు పోయాడనుకున్నాం. ప్రతి అంగడివాడూ నోటగాడయ్యాడు.

ఇంత రాశాక కూడా అసలు సాక్ష్యం పల్చనగా ఉందని ఒప్పుకోవాలి. బంగారు, వెండి నాణేల కుండలు దొరికితే కచేరీకి చేరతాయి, మ్యూజియం జాబితాకెక్కుతాయి. రాగి కుండకు ఆ అదృష్టం తక్కువ. 1878 నిక్షేపాల చట్టం ప్రకారం దొరికినదాని విలువ పది రూపాయలు దాటితేనే కలెక్టరుకు తెలపాలి. నాగలికి తగిలిన పాతిక ముప్పై కాసుల విలువ ఆ రోజుల్లో పది రూపాయలు దాటేది కాదు. తెలపనక్కర్లేని సొత్తు తెలియకుండానే కంచరి మూసలోకి పోయింది, చెంబుగానో గంటగానో తిరిగొచ్చింది. ఎన్ని కాసులు చలామణిలో ఉన్నాయి, ఏ ఊరి కాసు ఏ ఊరి దాకా నడిచింది అని లెక్కగట్టడానికి కావలసిన ఆధారం అలా కరిగిపోయింది.

మిగిలినవి ఇప్పుడు సేకర్తల చేతుల్లో, వేలంపాటల్లో ఉన్నాయి. ఫైజ్ హిసార్ పైసకు వేలం పుస్తకంలో బరువుంటుంది, సంవత్సరం ఉంటుంది, ఏనుగు తొండం ఎటు తిరిగిందో దాన్నిబట్టి ధర ఉంటుంది. గుత్తి కింద ఏ చేనులో, ఏ కుండలో, ఏ నాణేల పక్కన దొరికిందన్నది ఆ చీటీ మీద ఉండదు.